పెసరపిండి రంగు కాపర్ బ్రోమైడ్ అమ్మిన షాపుకి నాలుగు స్టార్లు ఎందుకిచ్చాను

ముందే చెప్పేస్తున్నా, ఇది చిన్న రివ్యూ కాదు. 'గుడ్ సర్వీస్', 'పార్కింగ్ లేదు' అని రెండు ముక్కల్లో తేల్చేసినవాళ్ళు ఇప్పటికే బోలెడుమంది ఉన్నారు (పార్కింగ్ లేదన్నది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం, బండి కింద టైలర్ షాపు ముందు పెడితే ఆయన తిడతాడు). ఈ ల్యాబ్ కెమికల్స్ షాపు పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, ఓనర్ పెద్దాయనతో నాకింకా ఏడాదిన్నర పనుంది. జగదాంబ నుంచి నడిచి వెళ్ళిపోయేంత దూరం, మేడ మీద, మెట్లు ఎక్కుతుంటేనే ఎసిటోన్ వాసన. వైజాగ్‌లో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసేవాళ్ళకి ఈ గుర్తులు చాలు.

నాలుగేళ్ళుగా ఇక్కడే కొంటున్నాను. బీకర్లు, టెస్ట్ ట్యూబులు కొనుక్కునేవాళ్ళకి ఏ షాపైనా ఒకటే, వాళ్ళు ఈ రివ్యూ చదవక్కర్లేదు. నాలాంటివాళ్ళకి అలా కాదు. నేను పెంచే పాలిమర్ గొలుసు ఎంత పొడవు పెరుగుతుంది, అన్నీ ఒకే పొడవు వస్తాయా లేదా అన్నది సగం ఫ్లాస్కులో తేలితే, సగం ఈ షాపు కౌంటర్ మీదే తేలిపోతుంది. ఈ సంగతి నాకు అర్థమయ్యేసరికి మొదటి ఏడాది గడిచిపోయింది.

నా పనేంటో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. గాజు పలక మీదో, సిలికాన్ ముక్క మీదో పాలిమర్ గొలుసుల్ని, అంటే చిన్న అణువులు వరసగా అతుక్కుని తయారయ్యే పొడవాటి అణువుల్ని మొలిపిస్తాను. ఒక కొస ఉపరితలానికి అతుక్కుని ఉంటుంది, రెండోది పైకి పెరుగుతుంది. పలచగా మొలిస్తే ఏ గొలుసుకా గొలుసు తన చోట్లో ముద్దగా ముడుచుకుని పడుకుంటుంది. ఒత్తుగా మొలిస్తే పడుకునే చోటెక్కడిది, సింహాచలం చందనోత్సవం క్యూలో ఇరుక్కున్నట్టు నాలుగు వైపులా నెట్టుడే కాబట్టి నిటారుగా సాగి నిలబడాల్సిందే. దీన్నే పాలిమర్ బ్రష్ అంటారు. ఎందుకలా సాగుతాయి, ఎంత సాగుతాయి అన్న లెక్క 1977లో అలెగ్జాండర్, 1980లో ద జెన్ కట్టారు.

మొలిపించడానికి రెండు దారులున్నాయి. మా తాతగారిది వరి పొలం, కాబట్టి నాకు ఇలా గుర్తుంటుంది. ఒకటి, వేరే మడిలో నారు పోసి, పీకి తెచ్చి నాటడం. అంటే గొలుసుల్ని ముందే ఫ్లాస్కులో తయారుచేసి తరవాత గాజుకి అతికించడం. ముందొచ్చి అతుక్కున్నవి కాళ్ళు చాపుకుని కూర్చుంటాయి, వెనకొచ్చినవాటిని దగ్గరికి రానివ్వవు, ఒత్తుదనం రాదు. రెండోది విత్తనం చల్లడం. గాజు మీద ఇనిషియేటర్ అనే చిన్న అణువుల్ని ముందు అతికించి, గొలుసుని అక్కడి నుంచే పెంచడం. లోపలికి రావాల్సినవి గొలుసులో ఒక్కో పూస లాంటి చిన్న చిన్న మోనోమర్లు కాబట్టి సందుల్లోంచి దూరి వచ్చేస్తాయి. మేం చేసేది ఈ రెండోది.

పొడవు మీద అంత పట్టుదల దేనికంటే, మా ప్రాజెక్టు పడవల అడుగున పెంకులు పట్టకుండా చూసే పూతల గురించి. ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డుకి లాగిన బోటు అడుగు ఎప్పుడైనా చూసుంటే మీకు చెప్పక్కర్లేదు, గరుకుగా, తెల్లగా, గీకితే తప్ప పోని పెంకులు. ఒకప్పుడు ట్రైబ్యుటైల్ టిన్ కలిపిన రంగులు వేసేవారు, అది నీళ్ళలోని మిగతా జీవాల్ని కూడా చంపుతోందని అంతర్జాతీయ ఒప్పందం ద్వారా 2008 నుంచి నిషేధించారు. అందుకని విషం లేకుండా, నీళ్ళని గట్టిగా పట్టుకుని దేన్నీ అంటుకోనివ్వని బ్రష్‌లు జనం వెతుకుతున్నారు. సల్ఫోబీటైన్ రకం వాటిలో ఒకటి. దాంతో ఒక తమాషా ఉంది. బ్రష్ మందం తక్కువగా ఉన్నంతసేపు నీటిచుక్క దాని మీద పరుచుకుపోతుంది. అదే పాలిమర్ 100 నానోమీటర్లు దాటి మందంగా పెరిగితే, మామూలు గది వేడిలో, గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ముడిపడిపోయి నీటిచుక్క పరుచుకోకుండా నిలబడిపోతుంది. 2006లో కేంబ్రిడ్జ్ వాళ్ళు చూపించారిది. పాలిమర్ ఒకటే, మందం మారితే గుణమే మారిపోయింది. కాబట్టి 'ఏదో కొంత మొలిచింది' అంటే మా సార్ ఊరుకోరు.

ఇక షాపు సంగతి.

మేం వాడే పద్ధతి పేరు అటామ్ ట్రాన్స్‌ఫర్ ర్యాడికల్ పాలిమరైజేషన్, పొట్టిగా ఏటీఆర్‌పీ. 1995లో అమెరికాలో మాత్యషెవ్‌స్కీ, జపాన్‌లో సవామోటో ఎవరికి వారే బయటపెట్టారు, 1998లో క్యోటో వాళ్ళు దాంతోనే ఉపరితలం మీద ఒత్తైన బ్రష్ పెంచి చూపించారు. మామూలు ర్యాడికల్ పాలిమరైజేషన్ (మోనోమర్లని గొలుసులుగా అతికించే పాత పద్ధతి) పెళ్ళి బఫే లాంటిది, ముందు దూరినవాడు ప్లేటు నిండా పెట్టుకుంటాడు, చివరికి వచ్చినవాడికి పెరుగన్నం. గొలుసులు పొట్టీ పొడుగూ కలిసి వస్తాయి. ఏటీఆర్‌పీ అంటే అమ్మమ్మ పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని కలిపిన ముద్దలు పెట్టడం, ఒకడి నోట్లో ముద్ద పెట్టి పక్కవాడి వైపు తిరుగుతుంది, వంతు వచ్చేదాకా మిగతావాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలి. ఇక్కడ అమ్మమ్మ ఎవరంటే రాగి. ప్రతి గొలుసు కొసనా ఒక బ్రోమిన్ మూతలా ఉంటుంది. కాపర్ వన్ (ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న రాగి) ఆ మూత లాక్కుని కాపర్ టూ (రెండు పోగొట్టుకున్నది) అవుతుంది, గొలుసు మేలుకుని నాలుగు మోనోమర్లు తినేలోపే కాపర్ టూ వచ్చి మూత మళ్ళీ పెట్టేస్తుంది. ఏ క్షణంలో చూసినా మేలుకుని ఉన్నవి అతి కొద్ది. మేలుకున్నవి రెండు ఎదురుపడితే ఒకదాంతో ఒకటి అతుక్కుని చచ్చిపోతాయి, అందుకే కొద్దిగా ఉండటమే మంచిది.

అంటే కాపర్ వన్, కాపర్ టూ ఏ పాళ్ళలో ఉన్నాయన్నదే అసలు ఆట. ఇప్పుడు నా మొదటి కొనుగోలు వినండి. కాపర్ వన్ బ్రోమైడ్, చిన్న సీసా. శుద్ధమైనది తెల్లగా ఉండాలి. ఇంటికెళ్ళి, అదే ల్యాబ్‌కెళ్ళి మూత తీస్తే పొడి పెసరపిండి రంగులో ఉంది. ఫోన్ చేశాను.

"ఏటమ్మా, బ్రోమైడంటే ఆ రంగే కదా ఉంటాది. అందరూ అదే అట్టుకెళ్తన్నారు."

మొదటి ఏడాది స్కాలర్‌ని, పెద్దాయన అంత ధీమాగా చెప్తే నమ్మేశాను. ఒకే రెసిపీతో, ఒకే రోజు, మూడు ఫ్లాస్కులు పెట్టాను. మందం కొలిస్తే ఒకటి 22 నానోమీటర్లు, ఒకటి 9, ఇంకోటి 4. ఆ ఆకుపచ్చ ఏంటంటే, సీసాలోకి గాలీ తేమా చేరి కొంత సరుకు అప్పటికే కాపర్ టూ అయిపోయింది. ఎంత అయిందో తెలీదు, సీసా పైపొరలో ఎక్కువ, అడుగున తక్కువ, నేను స్పాచులాతో ఎక్కడ తీశానో దాన్నిబట్టి పాళ్ళు మారిపోయాయి. రెండు నెలలు నా చేతి పనితనాన్నే తిట్టుకున్నాను. మా సీనియర్ అక్క సీసా చూసి నవ్వింది, నాకు ఏడుపొచ్చింది.

సీసా పట్టుకుని షాపుకెళ్ళాను. మూత తీసిన సరుకు వెనక్కి తీసుకోనన్నారు. ఇది మొదటి మైనస్, రాసుకోండి. అరగంట వాదించాక మాత్రం లోపలికెళ్ళి అరలీటరు గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ తెచ్చి కౌంటర్ మీద పెట్టి, డబ్బులొద్దన్నారు. "దీంట్లో కడుగమ్మా, తెల్లబడతాది." ఆయనకి తెలుసన్నమాట! తెలిసే నాతో ఆ రంగే ఉంటుందన్నారు. కోపమొచ్చింది కానీ సలహా మాత్రం పక్కా. పొడిని ఎసిటిక్ యాసిడ్‌లో వేసి కొన్ని గంటలు తిప్పితే ద్రవం నీలం ఆకుపచ్చగా మారుతుంది, కాపర్ టూ దాంట్లోకి దిగిపోయిందన్నమాట. వడగట్టి, ఇథనాల్‌తో, తరవాత ఈథర్‌తో కడిగి, వాక్యూమ్‌లో ఆరబెట్టాను. ఫిల్టర్ పేపర్ మీద బియ్యప్పిండిలా తెల్లగా కనిపించినప్పుడు ఫోటో తీసి ఆయనకే పంపాను. రెండు చేతులు జోడించిన బొమ్మ పంపారు. అప్పటి నుంచి ఆ సరుకు తేమ తగలని గాజు పాత్రలో, అంటే డెసికేటర్‌లో పెట్టి అమ్ముతున్నారు, కొనేముందు గాజులోంచి రంగు చూసుకోనిస్తున్నారు. పేచీ పెట్టిన ఫలితం ఊళ్ళో మిగతా స్కాలర్లు కూడా అనుభవిస్తున్నారు, నాకెవరూ థాంక్స్ చెప్పలేదనుకోండి.

నాలుగు స్టార్లలో రెండు దేనికంటే ఆ పర్మినెంట్ మార్కర్‌కి. ప్రతి సీసా మీదా షాపుకి వచ్చిన తేదీ చేత్తో రాసి ఉంటుంది. చిన్న విషయం కాదిది. మనది సముద్రం ఊరు, ఉప్పు డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే సాయంత్రానికి చెమర్చేస్తుంది. గాజుకి ఇనిషియేటర్ అతికించాలంటే ముందు అమినో సైలేన్ పొర వెయ్యాలి, దానికి ఈ చెమ్మంటే ప్రాణాంతకం. నీటి జాడ కొద్దిగా కావాలి నిజమే, ఎక్కువైతే సైలేన్ అణువులు గాజుని వదిలేసి వాటిలో అవే అతుక్కుని ఉండలు కడతాయి, ఉండల మీద మొలిచిన బ్రష్ గుంటల రోడ్డు మీద వేసిన తారులా ఉంటుంది. పాత సీసా అయితే మూత చుట్టూ తెల్లటి పెచ్చు కడుతుంది. ఒకసారి నేను సీసా అడిగితే తేదీ చూసి "ఇది ఎనిమిది నెల్లదమ్మా, నీ పనికి పనికిరాదు, ఇస్కూలోళ్ళకి ఇస్తాను" అని ఆయనే పక్కన పెట్టేశారు. అమ్మే సరుకు గురించి అలా చెప్పే షాపు ఇంకోటి ఉంటే చూపించండి. (స్కూలు వాళ్ళకి సైలేన్ ఎందుకో నేనడగలేదు.)

దానికి పూర్తిగా వ్యతిరేకం, లూజు సరుకు. పెద్ద సీసాలోంచి చిన్న సీసాల్లోకి వంచి అమ్మే అలవాటుంది. ధర తక్కువ పడుతుంది, నిజమే. కానీ ఆ చిన్న సీసా మీద బ్యాచ్ నంబరుండదు, ఎన్నిసార్లు మూత తీశారో తెలీదు. సాల్వెంట్లు గ్లాసులు కడగడానికైతే తీసుకోండి. సైలేన్, బ్రోమోఐసోబ్యుటిరైల్ బ్రోమైడ్ లాంటివి లూజుగా ఇస్తానంటే వెనక్కి తిరిగి చూడకుండా మెట్లు దిగిపోండి. రెండోది తేమ తగిలితే పొగలు కక్కుతుంది, కళ్ళు మండి నీళ్ళు కారిపోతాయి, అంతకన్నా ముఖ్యంగా ఇనిషియేటర్‌ని గాజుకి తగిలించేది అదే. అది పాడైతే చల్లిన విత్తనాల్లో సగం తాలే.

మోనోమర్ల విషయంలో మాత్రం వంక పెట్టలేను. మిథైల్ మెథాక్రిలేట్ ఫ్రిజ్‌లోంచే తీసి ఇస్తారు, వేసవిలో ఐస్ ప్యాక్ పెట్టి కట్టిస్తారు. మోనోమర్‌లో దారిలోనే పాలిమర్ అయిపోకుండా ఆపే ఇన్‌హిబిటర్ కలిపి ఉంటుంది. మనం వాడేముందు బేసిక్ అల్యూమినా పొడి నింపిన గొట్టం, అంటే కాలమ్‌లోంచి దించి దాన్ని తీసేయాలి. ఒకసారి సోమరితనంతో, తీసేసిన సరుకే దొరుకుతుందేమోనని అడిగాను. ఆయన మొహం మారిపోయింది. "వైజాగులో ఉండి ఆ మాట అడక్కమ్మా" అన్నారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులోని స్టైరీన్ అనే మోనోమర్ తనంతట తాను పాలిమర్‌గా మారుతూ వేడెక్కి ఆవిరై ఊరి మీదకొచ్చింది, 12 మంది పోయారు. ఆపే మందు చాలినంత లేకపోవడం, ట్యాంకులో వేడి పెరిగిపోవడం కారణాల్లో ఉన్నాయని విచారణలో తేలింది. ఆయన బంధువులు ఆ పక్కనే గోపాలపట్నంలో ఉంటారట, అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు ఆయన దగ్గర ఒక కొత్త సంగతి నేర్చుకున్నాను. ఎమ్ఈహెచ్‌క్యూ అనే ఇన్‌హిబిటర్ పనిచెయ్యాలంటే సీసాలో కాస్త గాలి ఉండాలి, ఆక్సిజన్ లేకపోతే అది ఆపలేదు. అందుకని మోనోమర్ సీసాని అంచుదాకా నింపరు, ఆర్గాన్ పట్టి నిలవ చెయ్యరు. ఫ్లాస్కులో మనకి శత్రువైన ఆక్సిజనే సీసాలో కాపలాదారు.

ఇంకో మంచి అలవాటు. సల్ఫ్యూరిక్ యాసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎసిటోన్ మూడూ ఒకే అట్టపెట్టెలో సర్దమంటే సర్దరు. గాజు శుభ్రం చెయ్యడానికి మొదటి రెండూ కలిపి పిరానా చేస్తాం, దాంట్లో ఎసిటోన్ చుక్క పడినా పేలగలదు. మూడు పెట్టెలు, మూడు తాళ్ళు, ఆటోలో నా ఒళ్ళో ఒకటి. విసుగనిపిస్తుంది కానీ ఆయనదే రైటు.

ఇప్పుడు పెద్ద తిట్టు. రబ్బరు సెప్టాలు. ఇవి ఎంతండీ, ఫ్లాస్కు మూతికి పెట్టే బిరడాలు, పది రూపాయల వస్తువు. రెండో ఏడాది ఇక్కడ ఒక ప్యాకెట్ కొన్నాను. పైకి బానే ఉన్నాయి. సూది గుచ్చితే మామూలుగా రబ్బరు మళ్ళీ మూసుకోవాలి, ఇవి ఎక్కడో గోడౌన్‌లో ఏళ్ళ తరబడి ఎండి గట్టిపడిపోయాయి, సూది తీశాక గుచ్చిన చోట కన్నం అలాగే ఉండిపోయింది. లోపలి గాలిని తరమడానికి ఆర్గాన్ అరగంట పోనిచ్చి, ఫ్రీజ్ పంప్ థా (గడ్డకట్టించి, గాలి లాగేసి, కరిగించడం) మూడుసార్లు చేసి, తృప్తిగా ఇంటికెళ్ళి పడుకున్నాను. కాపర్ వన్‌తో బైపిరిడిన్ (రాగిని పట్టుకుని ద్రావణంలో కరిగించే లైగండ్) కలిపితే ద్రావణం ముదురు ఎరుపు గోధుమ రంగులో ఉంటుంది. పొద్దున్నే వచ్చి చూస్తే ఆకుపచ్చ. అంటే రాత్రి ఏదో ఒక ఘడియలో ఆక్సిజన్ దూరి కాపర్ వన్ అంతా అయిపోయింది, గొలుసులు ఎక్కడివక్కడ మూతలు పెట్టుకుని ఆగిపోయాయి, కొన్ని చచ్చాయి. పదకొండు రోజులు, నాలుగు ప్రయత్నాలు, ఒక లీటరు సాల్వెంట్, ఒక ఆర్గాన్ సిలిండర్. కారణం సెప్టా అని కనిపెట్టింది కూడా నేను కాదు, మా ల్యాబ్ అసిస్టెంట్ గోరుతో నొక్కి చూసి "ఇది మేకు దిగని చెక్కలా ఉందమ్మా" అన్నాడు. షాపులో అడిగితే "అందరికీ అవే ఇచ్చినాను" అన్నారు. ఆ సమాధానం ఎక్కడో విన్నట్టుంది కదా. ఒక స్టార్ ఇక్కడే కోశాను. సెప్టాలు ఆన్‌లైన్లో కొనుక్కోండి, లేదా కొనేముందు ఒకటి మడతపెట్టి చూడండి, పగుళ్ళు కనిపిస్తే వద్దు.

దొరకనివి ఏంటో కూడా చెప్పాలి. గాజుకి అతుక్కోకుండా ద్రావణంలోనే ఉండే ఇనిషియేటర్, ఇథైల్ బ్రోమోఐసోబ్యుటిరేట్ నిలవ ఉంచరు, ఆర్డరు పెడితే నాకు ఆరు వారాలు పట్టింది. ఇది దేనికంటే కొంచెం వివరంగా చెప్పనివ్వండి, ఈ పనిలో కొత్తవాళ్ళందరూ ఇక్కడే దెబ్బతింటారు. మైక్రోస్కోప్ స్లైడ్ 25 మిల్లీమీటర్లు బై 75. ఒక వైపు 30 నానోమీటర్ల పాలిమర్ మొలిచిందనుకోండి, బరువు ఎంత? మిథైల్ మెథాక్రిలేట్ పాలిమర్ సాంద్రత 1.19 వేసుకుని గుణిస్తే దాదాపు 67 మైక్రోగ్రాములు. పప్పులో ఉప్పు రవ్వంత. ఫ్లాస్కు నిండా కాపర్, మోనోమర్ ఉంటే గాజు మీదున్న ఇనిషియేటర్ అంత కొంచెం. మామూలు ఫ్లాస్కు ఏటీఆర్‌పీలో మొదట్లో కొన్ని గొలుసులు చచ్చి, వాటి వల్ల కాపర్ టూ కాస్త పోగుపడి, అదే తరవాత అదుపు చేస్తుంది. గాజు మీదున్నవన్నీ చచ్చినా పోగుపడే కాపర్ టూ ఏ మూలకీ రాదు. అమ్మమ్మ లేని పంక్తి, పిల్లలు ఇష్టమొచ్చినట్టు తింటారు. కాబట్టి మొదటే కాపర్ టూ బ్రోమైడ్ కొంత కలపాలి, లేదా ద్రావణంలో ఈ ఇథైల్ బ్రోమోఐసోబ్యుటిరేట్ వేసి గాజుతో పాటు అక్కడ కూడా గొలుసులు పెంచాలి. రెండోదానికి ఇంకో లాభముంది. గాజు మీది 67 మైక్రోగ్రాముల్ని గీకి, గొలుసుల పొడవు కొలిచే జీపీసీ పరీక్షకి పంపలేం కదా, ద్రావణంలో పెరిగిన గొలుసుల్ని పంపి, గాజు మీదవీ సుమారు ఇంతే ఉంటాయని తీసుకుంటాం. సుమారు మాత్రమే.

ఆ సీసా వచ్చాకే నా పని గాడిన పడింది. ద్రావణంలో గొలుసుల సగటు అణుభారం 50,000 వచ్చింది, సిలికాన్ ముక్క మీద మందం 30 నానోమీటర్లు. లెక్క కడితే చదరపు నానోమీటరుకి 0.43 గొలుసులు. చందనోత్సవం అంటే ఇదీ. పొడవుల తేడా చెప్పే అంకె, డిస్పర్సిటీ (అన్నీ ఒకే పొడవైతే 1), 1.2 వచ్చింది. బఫే పద్ధతిలో అయితే ఒకటిన్నర నుంచి రెండు, అంతకన్నా పైకి కూడా పోతుంది. అదే ముక్కని కడిగి కొత్త మోనోమర్‌లో మళ్ళీ పెడితే మందం ఇంకా పెరిగింది, అంటే కొసలు చాలావరకు బతికే ఉన్నాయి. మందం ఒక్కటే చూసి కంట్రోల్ వచ్చేసిందని మురిసిపోయేవాళ్ళు ఈ రెండో పరీక్ష చెయ్యండి, సగంమంది మొహాలు మాడిపోతాయి. కళ్ళతో చూసి పట్టుకునే ఉపాయం కూడా ఒకటుంది, సిలికాన్ మీద 100 నానోమీటర్ల దగ్గరికి వచ్చేసరికి ముక్క ఊదారంగు తిరుగుతుంది. ముక్కంతా ఒకే ఊదా అయితే సంతోషం, అంచున గోధుమ, మధ్యలో ఊదా, ఇంకో మూల నీలం అంటే నెమలీకలా అందంగానే ఉంటుంది కానీ థీసిస్‌లో పెట్టుకోలేం.

మూడో ఏడాది నుంచి ఈ షాపులో నా బిల్లు సగానికి తగ్గింది, కారణం విటమిన్ సి. గాలి అంటే భయపడే కాపర్ వన్ బదులు, బుద్ధిగా ఉండే కాపర్ టూ కొంచెం వేసి, ఆస్కార్బిక్ యాసిడ్‌తో దాన్ని లోపలే కాపర్ వన్‌గా మార్చుకుంటూ పోవచ్చు. ఏఆర్‌జీఈటీ అంటారు, 2006 ప్రాంతంలో మాత్యషెవ్‌స్కీ ల్యాబ్ నుంచే వచ్చింది. కాస్త ఆక్సిజన్ దూరినా ఆస్కార్బిక్ యాసిడ్ పుణ్యమా అని కాపర్ మళ్ళీ కోలుకుంటుంది. అలాగని ఎక్కువ పోస్తే కాపర్ టూ మిగలదు, మూతలు పెట్టేవాళ్ళుండరు, మళ్ళీ బఫేనే. ఆస్కార్బిక్ యాసిడ్ ఇక్కడ ఎప్పుడూ తాజాగా ఉంటుంది, పచ్చబడిన దాన్ని ఒక్కసారి కూడా అంటగట్టలేదు. కాపర్ వన్ బ్రోమైడ్ కొనడం మానేశానని తెలిసి బాబాయ్ గారు (ఇప్పుడు అలాగే పిలుస్తున్నాను) "ఆ పెసరపిండి నీవల్లే ఎవులూ కొనటం లేదు" అన్నారు. ఇంకా ధైర్యం ఉంటే కాపర్ బ్రోమైడ్ పొడి కూడా అక్కర్లేదు, రాగి రేకు ముక్కని సిలికాన్ ముక్కకి అర మిల్లీమీటరు ఎడంగా ఎదురుగా పెట్టి, మధ్యలో మోనోమర్, లైగండ్ నింపితే గది వేడిలోనే బ్రష్ మొలుస్తుంది. రేకు ఈ షాపులో ఉండదు, పూర్ణా మార్కెట్ వైపు పాత్రల షాపుల్లో అడిగి కోయించుకున్నాను. పూజకా అని అడిగారు, అవునన్నాను.

ధరల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఆన్‌లైన్ కన్నా కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. జీఎస్టీ బిల్లు అడిగితేనే ఇస్తారు, అడగండి, లేకపోతే మీ అకౌంట్స్ సెక్షన్ దగ్గర టెన్షన్ పడతారు. ఫెలోషిప్ ఆలస్యమైతే అప్పు రాసుకుంటారు. ఆ నోటుపుస్తకంలో నా పేరున్న పేజీ ఒకప్పుడు రెండు వైపులా నిండిపోయింది, ఒక్కసారి కూడా ఫోన్ చేసి అడగలేదు. స్కాలర్లకి ఇంతకన్నా పెద్ద సర్వీసు ఏ వెబ్‌సైటూ చెయ్యదు, కాపర్ బ్రోమైడ్ దగ్గర పోయిన స్టార్ ఇక్కడ తిరిగొచ్చింది. గాజు పగిలిన ష్లెంక్ ఫ్లాస్కుల్ని (గాలి తగలకుండా పనిచెయ్యడానికి వాడేవి) తెలిసిన గ్లాస్ బ్లోయర్ దగ్గరికి పంపించి అతికించి తెప్పిస్తారు, వారం పడుతుంది, అతుకు నీట్‌గానే ఉంటుంది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా షట్టర్ సగం దించి ఉంటుంది, ఆయన లోపలే పడుకుని ఉంటారు, కొట్టకండి. ఫోన్ చేసి వెళ్తే మంచిది. సైలేన్ కొత్త సీసా పోయిన గురువారం దిగింది, రెండే ఉన్నాయి, ఒకటి నాకు చెప్పి పెట్టాను.